పెరుగు, ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ వల్ల దిగులు తగ్గుతుందా? మా తమ్ముడి కోసం అడుగుతున్నాను

సీతమ్మధార అక్క

అందరికీ నమస్కారం. మా తమ్ముడు గాజువాక వైపు ఒక ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేస్తాడు. వారం వారం షిఫ్టు మారిపోతుంది, నిద్రకీ తిండికీ ఒక వేళంటూ లేదు. ఏడాది పైనుంచి కడుపు సరిగ్గా ఉండట్లేదు. పొద్దున లేచాక రెండు మూడు సార్లు బాత్రూంకి వెళ్లాలి, తిన్న వెంటనే ఉబ్బరం, గ్యాస్ మాత్ర వేసుకోనిదే రోజు గడవదు. అదొక ఎత్తయితే మనిషి మారిపోవడం ఇంకో ఎత్తు. సెలవు వస్తే పిల్లల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్లేవాడు, ఇప్పుడు గదిలోంచి బయటికి రాడు, పిలిస్తే విసుక్కుంటాడు, మా మరదలు నాకు ఫోన్ చేసి ఏడుస్తోంది. బతిమాలి సైకియాట్రిస్టు దగ్గరికి తీసుకెళ్లాం. మాత్రలు రాశారు, వాడుతున్నాడు, కొంచెం మెరుగే.

ఇప్పుడు వాడి ఫ్రెండ్ ఒకతను ఏదో వీడియో చూపించి "అసలు జబ్బు నీ పేగుల్లో ఉంది, మూడ్‌ని నడిపే సెరొటోనిన్ అనే రసాయనం తొంభై శాతం అక్కడే తయారవుతుంది, మేలు చేసే బ్యాక్టీరియా ఉన్న ఈ ప్రోబయోటిక్ క్యాప్సూల్స్ వాడితే ఆ మాత్రలు మానేయొచ్చు" అన్నాడట. నెలకి రెండు వేల పైన ఖర్చు. మా వాడికి ఆశ పుట్టింది. డబ్బు సంగతి తర్వాత, వాడు మాత్రలు మానేస్తాడేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. తెలిసినవాళ్లు దయచేసి చెప్పండి, ఇందులో నిజమెంత?

కొత్తవలస శ్రీను

వ్యాపారం అక్కా. ఒకప్పుడు నోని జ్యూస్ అన్నారు, తర్వాత ఇంకోటి అన్నారు, ఇప్పుడు ఇది. పెరుగన్నం తినమనండి చాలు.

మైక్రోబ్ మాస్టారు

శ్రీను గారూ, అంత తేలిగ్గా కొట్టిపారేయకండి. నేను మైక్రోబయాలజీ పాఠాలు చెప్పేవాడిని, ఈ విషయం ఏళ్లుగా చదువుతున్నాను. కడుపుకీ మనసుకీ సంబంధం ఉందన్నది నిజం. ఆ సంబంధాన్ని చూపించి ఫలానా సీసా కొనమనడం వేరే సంగతి. ఈ రెంటినీ కలిపి అమ్ముతున్నారు, తంటా అంతా అక్కడే.

మన పేగుల గోడల్లో పది కోట్లకు పైగా నాడీకణాలున్నాయి. మెదడు చెప్పకపోయినా పేగుల్ని అవి సొంతంగా నడిపించగలవు. మెదడు నుంచి పొట్ట దాకా దిగే వేగస్ నాడి ఒకటుంది. అందులో దాదాపు 80 శాతం తంతువులు కింది నుంచి పైకి కబురు మోసేవే. అంటే పొట్టకు మెదడు చెప్పేదానికన్నా మెదడుకు పొట్ట చెప్పేదే ఎక్కువ. ఇది కాక, మనం అరిగించుకోలేని పీచు పదార్థాన్ని పెద్దపేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ లాంటి ఆమ్లాలు తయారుచేస్తాయి. పేగు గోడ కణాలకు ముఖ్యమైన ఆహారం అదే. ఆ గోడ గట్టిగా ఉంటే ఒంట్లో వాపు (బయటికి కనిపించని ఇన్‌ఫ్లమేషన్) తక్కువగా ఉంటుంది. డిప్రెషన్ ఉన్నవాళ్లలో కొందరికి రక్తంలో వాపు గుర్తులు ఎక్కువగా కనిపిస్తాయన్నది చాలా అధ్యయనాల్లో తేలింది.

ఇక సెరొటోనిన్. తొంభై శాతం పేగుల్లో తయారవుతుందన్న మాట నిజమే. కానీ వీడియోల్లో సగం చెప్పి వదిలేస్తారు. పేగుల్లో తయారైన సెరొటోనిన్ రక్తం నుంచి మెదడులోకి వెళ్లలేదు, మధ్యలో ఉన్న అడ్డుగోడ దాన్ని ఆపేస్తుంది. పేగు కదలికలు నడిపించడం దాని పని. మెదడు తనకు కావలసినది తనే తయారుచేసుకుంటుంది, దానికి ముడిసరుకు ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం, అది తిండి నుంచి రావాలి. కాబట్టి "పేగుల్లో సెరొటోనిన్ పెంచితే సంతోషం పెరుగుతుంది" అనే లెక్క చెల్లదు.

ఎంవీపీ రాజు

లెక్కలు ఎలా ఉన్నా నాకు మాత్రం పనిచేసింది సార్. పోటీ పరీక్షల టైంలో కడుపు నొప్పి, గుండె దడ, నిద్ర లేదు. ప్రోబయోటిక్ మొదలుపెట్టాక కొన్ని వారాలకి కడుపు కుదుటపడింది, దాంతో పాటే ఆందోళన తగ్గింది. నా అనుభవాన్ని ఎవరూ కాదనలేరు కదా. అక్కా, మీ తమ్ముడిని వాడి చూడమనండి, నష్టమేముంది.

మైక్రోబ్ మాస్టారు

రాజు, నీకు తగ్గిందంటే నాకూ సంతోషమే, కాదనడం లేదు. అదే సమయంలో పరీక్షలు అయిపోయాయా, నిద్ర వేళలు మారాయా, బయటి టిఫిన్లు తగ్గాయా అన్నది ఒకసారి ఆలోచించు. ఒక్క మనిషి విషయంలో ఏది ఎంత పనిచేసిందో విడదీసి చెప్పడం కష్టం, అందుకే ప్రయోగాల్లో సగం మందికి మందు లేని ఉత్తుత్తి క్యాప్సూల్ ఇస్తారు.

ఆ ప్రయోగాల సంగతే చెబుతాను, ఓపిగ్గా చదవండి. 2004లో జపాన్‌లో క్యూషూ విశ్వవిద్యాలయం వాళ్లు అసలు సూక్ష్మజీవులే లేకుండా పెంచిన ఎలుకలను ఒత్తిడికి గురిచేస్తే మామూలు ఎలుకల కన్నా వాటిలో ఒత్తిడి హార్మోన్లు బాగా ఎక్కువ పెరిగాయి. చిన్నప్పుడే ఒక రకం బ్యాక్టీరియాను ఎక్కిస్తే అది సర్దుకుంది. తర్వాత 2011లో ఐర్లండ్‌లోని కార్క్‌లో జాన్ క్రయన్ బృందం లాక్టోబాసిల్లస్ రామ్నోసస్ జేబీ-1 అనే బ్యాక్టీరియాను ఎలుకలకు తినిపించారు. భయం, నీరసం తగ్గాయి. వేగస్ నాడిని కోసేసిన ఎలుకల్లో మాత్రం ఆ మార్పు రాలేదు. కబురు ఆ దారిలోనే వెళ్తోందని దాంతో తెలిసింది. ప్రపంచమంతా దాని గురించి మాట్లాడింది.

అదే కార్క్ బృందం ఆరోగ్యవంతులైన మగవాళ్లకి నాలుగు వారాలు అదే జేబీ-1ని, నాలుగు వారాలు ఉత్తుత్తి క్యాప్సూల్‌ని ఇచ్చి 2017లో ఫలితం ప్రచురించింది. ఒత్తిడి మీద, మూడ్ మీద, జ్ఞాపకశక్తి మీద ఉత్తుత్తి క్యాప్సూల్ కన్నా ఏ తేడా లేదు. తాము కనిపెట్టినది మనుషుల్లో నిలబడలేదని వాళ్లే రాశారు, నాకు వాళ్ల మీద గౌరవం అందుకే. ఎలుకల వార్త మాత్రం ఇప్పటికీ ప్రకటనల్లో తిరుగుతోంది, రెండో వార్త ఎవరూ చెప్పరు.

కొత్తవలస శ్రీను

నేనన్నదీ అదే కదండీ. మనుషులకి పనిచేయలేదు, అయిపోయింది.

మైక్రోబ్ మాస్టారు

అయిపోలేదు శ్రీను గారూ. అవి ఆరోగ్యవంతుల మీద చేసిన పరీక్షలు, జబ్బు లేనివాళ్లలో ఏం తగ్గుతుంది? కెనడాలోని మెక్‌మాస్టర్ విశ్వవిద్యాలయం 2017లో ఐబీఎస్‌తో (పేగుల్లో వేరే జబ్బు కనిపించకపోయినా కడుపు నొప్పి, విరేచనాల్లో తేడా తరచూ వచ్చే సమస్య) పాటు దిగులో ఆందోళనో ఉన్న 44 మందిని తీసుకుని, సగం మందికి బిఫిడోబ్యాక్టీరియం లాంగమ్‌లో ఒక రకాన్ని, సగం మందికి ఉత్తుత్తిది ఆరు వారాలు ఇచ్చింది. దిగులు స్కోరు తగ్గింది, ఆందోళన స్కోరులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. లండన్ కింగ్స్ కాలేజీ వాళ్లది 2023లో వచ్చింది: డిప్రెషన్ మాత్రలు వాడుతున్నా పూర్తిగా తగ్గని 49 మంది, సగం మందికి పద్నాలుగు రకాల బ్యాక్టీరియా కలిపిన మందు, సగం మందికి ఉత్తుత్తిది, ఎనిమిది వారాలు. బ్యాక్టీరియా తీసుకున్నవాళ్లలో దిగులూ ఆందోళనా రెండూ ఎక్కువ తగ్గాయి. చిన్న పరీక్షే, పెద్దది చేయాలని వాళ్లే అన్నారు.

అక్కగారు గమనించాల్సింది ఒక్కటే, ఆ 49 మందీ డాక్టరు రాసిన మాత్రలు వాడుతూనే ఉన్నారు. మాత్రల బదులు బ్యాక్టీరియా ఇవ్వలేదు, మాత్రలకు తోడుగా ఇచ్చారు. మీ తమ్ముడి ఫ్రెండ్‌కి ఈ ముక్క చెప్పండి.

వార్డు సిస్టర్

నేను మానసిక విభాగంలో నర్సుగా పనిచేశాను. మాస్టారు చివర చెప్పిన మాట పట్టుకోండి అక్కా. దిగులు మాత్రలు ఉన్నట్టుండి ఆపేస్తే కళ్లు తిరగడం, చిరాకు, నిద్ర పట్టకపోవడం, ఒంట్లో కరెంటు కొట్టినట్టు అనిపించడం జరగొచ్చు. అంతకన్నా భయం ఏంటంటే తగ్గిన దిగులు మళ్లీ లోతుగా రావడం. మానాలంటే డాక్టరు చెప్పిన ప్రకారం మెల్లమెల్లగా తగ్గించాలి. "కొంచెం మెరుగు" అన్నారు, ఆ సమయంలోనే చాలామంది మానేస్తారు, నేను చూశాను.

మీ మరదలికి కూడా ఒక మాట చెప్పి ఉంచండి. తమ్ముడు "నేను లేకపోతేనే మీకు నయం" లాంటి మాటలు అన్నా, అప్పులూ కాగితాలూ ఉన్నట్టుండి సర్దుతున్నా, ఆలస్యం చేయొద్దు, ఒంటరిగా వదలొద్దు. 14416 టెలి మానస్ నంబర్, ప్రభుత్వానిది, డబ్బు కట్టక్కర్లేదు, రాత్రయినా పగలైనా తెలుగులో మాట్లాడతారు. వైజాగ్‌లో వాల్తేరు దగ్గర ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది, ప్రభుత్వ పెద్దాసుపత్రి కేజీహెచ్ కూడా ఉంది. అడగడానికి సిగ్గుపడొద్దు.

సీతమ్మధార అక్క

సిస్టర్, మీరు చెప్పింది చదువుతుంటే చేతులు వణికాయి, కానీ చెప్పినందుకు చాలా థాంక్స్. అలాంటి మాటలేవీ అనలేదు ఇప్పటిదాకా. మరదలికి నంబర్ పంపాను.

భీమిలి పిన్ని

మీరందరూ చదువుకున్నవాళ్లు, నేను తిండి గురించి చెప్తానమ్మా. మా అమ్మగారింట్లో తరవాణి కుండ ఉండేది. అన్నం వార్చిన గంజి అందులో పోసి పులవనిచ్చేవారు, ఆ పులిసిన నీళ్లలో రాత్రి అన్నం వేసి ఉంచితే పొద్దున్నే ఉల్లిపాయ, పచ్చిమిర్చి నంజుకుని తినేసి పొలానికి పోయేవారు. ఎండాకాలం చోడి అంబలి, అందులో ఇంత మజ్జిగ. ఇప్పుడు పిల్లలు పొద్దున మైసూర్ బజ్జీ, సాయంత్రం నూడుల్స్, రాత్రి బిర్యానీ. కడుపు ఎందుకు బాగుంటుంది, కడుపు బాగోకపోతే మనిషికి హుషారు ఎక్కడిది? ముందు తిండి మార్చమనండి మీ తమ్ముడిని. ఇడ్లీ కూడా పులిసిందే కదా, అదైనా తినొచ్చు. ఆవకాయ కూడా మంచిదని మా మనవరాలు అంటోంది, ఎంతవరకు నిజమో మాస్టారు చెప్పాలి.

మైక్రోబ్ మాస్టారు

పిన్నిగారూ, తరవాణి, చద్దన్నం, మజ్జిగ కలిపిన అంబలి వీటిలో బతికున్న లాక్టిక్ బ్యాక్టీరియా ఉంటాయి. ఇడ్లీ పిండిలోనూ ఉంటాయి కానీ ఆవిరికి చచ్చిపోతాయి. అయినా పులియడం వల్ల పిండి తేలిగ్గా అరుగుతుంది, మినప్పప్పు పీచు ఎలాగూ ఉంటుంది, ఇడ్లీ మంచిదే. ఆవకాయలో ఉప్పు, ఆవపిండి, నూనె అంత ఎక్కువ ఉన్నచోట బ్యాక్టీరియా పెద్దగా పెరగదు, నిల్వ ఉండడం కోసమే కదా అలా పెట్టేది. రుచికి తినండి, ప్రోబయోటిక్ అనుకుని ఎక్కువ తినకండి, ఉప్పు కూడా చూసుకోవాలి.

ఇంటి పెరుగు గురించి చాలామంది అడుగుతారు. అందులో ఉండేవి తోడు బట్టి, వాతావరణం బట్టి ఇంటింటికీ మారతాయి. ప్రోబయోటిక్ అనాలంటే ఏ రకమో తెలియాలి, తగినంత సంఖ్యలో బతికి ఉండాలి, దానివల్ల మేలని పరీక్షల్లో తేలాలి. ఇంటి పెరుగుకి ఆ సర్టిఫికెట్ లేదు. అలాగని పనికిరాదని కాదు. 2021లో స్టాన్‌ఫర్డ్ వాళ్లు 36 మందిని రెండు జట్లు చేసి పది వారాలు ఒక జట్టుకి పెరుగు లాంటి పులిసిన పదార్థాలు బాగా పెంచారు, ఇంకో జట్టుకి పీచు పెంచారు. పులిసినవి తిన్నవాళ్ల పేగుల్లో బ్యాక్టీరియా రకాలు పెరిగాయి, రక్తంలో వాపు గుర్తులు తగ్గాయి. మూడ్ మారిందని మాత్రం ఆ పరీక్ష చెప్పలేదు.

దిగులు మీద తిండి ప్రభావం గురించి నేను ఎక్కువ నమ్మేది ఆస్ట్రేలియాలో ఫెలిస్ జాకా బృందం చేసిన పరీక్ష, 2017లో వచ్చింది. డిప్రెషన్ ఉన్న 67 మంది, వాళ్లలో ఎక్కువమంది చికిత్సలో ఉన్నవాళ్లే. సగం మందికి పన్నెండు వారాలు డైటీషియన్ సాయంతో కూరగాయలు, పప్పులు, ముడి ధాన్యాలు, చేపలు, గింజలు ఎక్కువ పెట్టించి మైదా, చక్కెర, వేపుళ్లు తగ్గించారు. మిగతా సగం మందితో అన్నిసార్లూ కూర్చుని కబుర్లు మాత్రం చెప్పారు. తిండి మార్చినవాళ్లలో 32 శాతం మందికి జబ్బు దాదాపు పూర్తిగా తగ్గింది, రెండోవాళ్లలో 8 శాతం. తాము ఏ జట్టో తింటున్నవాళ్లకి తెలిసిపోతుంది కాబట్టి కొంత నమ్మకం ప్రభావం ఉండొచ్చు. అయినా నాకు ఇది క్యాప్సూల్ కన్నా గట్టి సాక్ష్యంగా కనిపిస్తుంది. ఇవేవీ మనకి కొత్త తిండ్లు కావు కూడా. చోళ్లు, ఉలవలు, పెసలు, తోటకూర, పల్లీలు, మన సముద్రంలో దొరికే కవళ్లు, కానాగంతలు, అన్నీ రైతుబజార్లో, చేపల మార్కెట్లో ఉన్నవే.

గాజువాక నైట్ డ్యూటీ

అక్కా, నేనూ షిఫ్టులవాడినే, అందుకే రాస్తున్నాను. ఏం తింటున్నాడన్నది అడిగారు, ఎప్పుడు తింటున్నాడన్నది ఎవరూ అడగలేదు. నైట్ షిఫ్టులో రెండింటికి క్యాంటీన్‌లో పూరీ, తర్వాత రెండు టీలు, తెల్లారి ఇంటికొచ్చి మళ్లీ టిఫిన్ తిని పడుకుంటాం. పొద్దున కడుపు ఆడించడానికి ఇదొక్కటి చాలు. నేను రాత్రి ఎనిమిదిన్నరకి కడుపునిండా భోంచేసి డ్యూటీకి వెళ్తాను, రాత్రంతా నీళ్లు, మరీ ఆకలైతే అరటిపండో మజ్జిగో. మొదట్లో కష్టమే, అలవాటయ్యాక ఒంట్లో తేలికగా ఉంది, ఇంటికొచ్చి పిల్లల మీద అరవడం తగ్గిందని మా ఆవిడ చెప్పింది. దీని మీద పరిశోధనలు ఏమైనా ఉన్నాయా మాస్టారూ?

మైక్రోబ్ మాస్టారు

ఉంది తమ్ముడూ, సరిగ్గా దీనిమీదే. 2022లో అమెరికాలో బోస్టన్‌లోని ఒక ఆసుపత్రి పరిశోధకులు 19 మందిని ల్యాబ్‌లో ఉంచి నైట్ షిఫ్టు లాంటి పరిస్థితి కల్పించారు. కొందరు రాత్రీ పగలూ తిన్నారు, కొందరు పగలు మాత్రమే తిన్నారు. రాత్రి కూడా తిన్నవాళ్లలో దిగులు స్కోరు సుమారు 26 శాతం, ఆందోళన సుమారు 16 శాతం పెరిగాయి, పగలే తిన్నవాళ్లలో పెరగలేదు. తక్కువ మందే, ల్యాబ్‌లోనే, అయినా పద్ధతి బాగుంది. మీరు చేస్తున్నది అందుకు దగ్గరగానే ఉంది. షుగర్‌కి ఇన్సులిన్‌గానీ మాత్రలుగానీ వాడేవాళ్లు మాత్రం అడగకుండా రాత్రి తిండి మానొద్దు.

కడుపు డాక్టర్

ఆలస్యంగా చూశాను. నేను గ్యాస్ట్రో డాక్టర్ని, ఇక్కడ మందులు రాయను కానీ కొన్ని విషయాలు చెప్పాలి.

అక్కగారూ, ఏడాదిగా గ్యాస్ మాత్ర రోజూ వేస్తున్నాడన్నారు, నన్ను ఆపింది ఆ మాటే. ఆ మాత్రలు ఏళ్ల తరబడి వాడితే విటమిన్ బి12 తగ్గే అవకాశం ఉంది. షుగర్‌కి వాడే మెట్‌ఫార్మిన్ వల్ల కూడా తగ్గుతుంది. శాకాహారులకైతే మరీ. బి12 తక్కువైతే నీరసం, దిగులు, చేతులు కాళ్లు తిమ్మిర్లు, మతిమరుపు వస్తాయి. థైరాయిడ్ సరిగ్గా లేకపోయినా మూడ్, కడుపు రెండూ చెడతాయి. బి12, థైరాయిడ్, హిమోగ్లోబిన్, షుగర్, మలపరీక్ష చేయించకుండా క్యాప్సూల్స్ మీద డబ్బు పెట్టకండి. మలంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, విరేచనం కోసం నిద్రలోంచి లేవాల్సి రావడం, జ్వరం, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్ ఉండడం, వీటిలో ఏది ఉన్నా వెంటనే చూపించాలి. కొన్ని దిగులు మాత్రల వల్ల మొదట్లో కడుపు కాస్త ఆడుతుంది, మాత్రలకి ముందే ఉందా తర్వాత పెరిగిందా అన్నది గుర్తుచేసుకోమనండి.

ఇవేవీ లేకుండా ఇలా ఉంటే ఐబీఎస్ అయ్యే అవకాశం ఎక్కువ. ఐబీఎస్‌లో కడుపూ మెదడూ రెండు దిక్కులా ఒకదాన్నొకటి రెచ్చగొడతాయి. పాత దిగులు మందు అమిట్రిప్టిలిన్‌ని తక్కువ మోతాదులో ఐబీఎస్‌కి ఇస్తే పనిచేస్తుందని 2023లో ఇంగ్లండ్‌లో 463 మంది మీద చేసిన పరీక్షలో తేలింది. "మెదడు మందు నా కడుపుకెందుకు" అని పేషెంట్లు కోప్పడతారు, రెంటికీ నాడులు ఒకటేనని వివరిస్తే అర్థం చేసుకుంటారు.

"నష్టమేముంది" అన్నారు ఒకరు. మామూలు మనిషికి పెద్దగా నష్టం లేదు, మొదట్లో గ్యాస్ పెరగొచ్చు. కానీ అందరికీ అలా కాదు. 2008లో నెదర్లాండ్స్‌లో తీవ్రమైన క్లోమగ్రంథి వాపుతో ఉన్న 296 మంది మీద చేసిన పరీక్షలో ప్రోబయోటిక్ ఇచ్చినవాళ్లలో 16 శాతం మంది చనిపోయారు, ఇవ్వనివాళ్లలో 6 శాతం. కాబట్టి కీమో తీసుకుంటున్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, ఐసీయూలో ఉన్నవాళ్లు డాక్టర్ని అడగకుండా ముట్టుకోకూడదు. యాంటీబయోటిక్ కోర్సు అవగానే ఎవరికి వారే కొనుక్కుని వేసుకోవడం కూడా మంచిది కాదు. 2018లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరీక్షలో అలా తీసుకున్నవాళ్ల సొంత బ్యాక్టీరియా తిరిగి రావడానికి ఎక్కువ కాలం పట్టింది.

ఎంవీపీ రాజు

డాక్టర్ గారూ, ఈ విషయాలు నాకు ఎవరూ చెప్పలేదు. వాడాలనుకున్నవాళ్లు లేబుల్ మీద ఏం చూడాలి మరి?

కడుపు డాక్టర్

బ్యాక్టీరియా పేరు పూర్తిగా ఉందా చూడు. జాతి పేరు ఒక్కటే ఉంటే చాలదు, చివర్లో అక్షరాలో అంకెలో ఉండాలి, పరీక్షలన్నీ ఆ రకాల మీదే జరుగుతాయి. ఎన్ని కోట్లు బతికున్నాయో, ఆ లెక్క తయారీ రోజుదా గడువు తేదీదా అన్నది కూడా. వైజాగ్ ఎండకి షాపులో బయట పెట్టిన డబ్బా, ఫ్రిజ్‌లో ఉంచమని రాసి ఉంటే, కొనకు. నెల రెండు నెలలు చూసి తేడా లేకపోతే ఆపేయడమే.

సీతమ్మధార అక్క

మీ అందరికీ ఎలా థాంక్స్ చెప్పాలో తెలియట్లేదు. ఈ పేజీ అంతా తమ్ముడికి ఫోన్‌లో చదివి వినిపించాను, మొదట ఊ కొట్టాడు, గాజువాక తమ్ముడు రాసింది విన్నాక మాత్రం "ఈయనకి తెలుసు" అన్నాడు. మాత్రలు మానను అని మాట ఇచ్చాడు. రక్తపరీక్షలు చేయిస్తున్నాం. రెండు సందేహాలు: వేడి అన్నంలో పెరుగు కలిపితే అందులో బ్యాక్టీరియా చచ్చిపోతుందా? ఇప్పటికే కొన్న ఒక డబ్బా క్యాప్సూల్స్ ఉన్నాయి, వాటిని ఏం చేయాలి?

కడుపు డాక్టర్

పొగలు కక్కే అన్నంలో కలిపితే చాలావరకు చస్తాయి, గోరువెచ్చగా అయ్యాక కలపండి. మజ్జిగ పులుసు మరిగిస్తాం కాబట్టి అందులో మిగలవు. పాలు, పెరుగు తిన్నాకే ఉబ్బరం పెరుగుతుంటే అది పాలల్లో ఉండే చక్కెర లాక్టోజ్ పడకపోవడం కావచ్చు, కొన్ని రోజులు ఆపి చూసి చెప్పమనండి. పీచు కూడా ఒక్కసారిగా పెంచొద్దు, ఐబీఎస్ ఉంటే ఉలవలూ శనగలూ మొదట్లో ఇబ్బంది పెడతాయి, కొద్దికొద్దిగా పెంచాలి.

ఆ డబ్బాని పరీక్షల రిపోర్టులు, వాడుతున్న మాత్రల స్ట్రిప్పులన్నిటితో కలిపి పట్టుకెళ్లండి. సైకియాట్రిస్టుకీ చూపించండి, కడుపు డాక్టరుకీ చూపించండి. ఏ షిఫ్టులో ఎన్ని గంటలకి తిన్నాడో, ఎన్నిసార్లు విరేచనానికి వెళ్లాడో, ఆ రోజు మనసెలా ఉందో ఒక కాగితం మీద రాసి తెమ్మనండి, రిపోర్టుల కన్నా నాకు అదే ఎక్కువ పనికొస్తుంది.